చదవలేదు, వెతికాను

పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మా అబ్బాయి ఇంగ్లీష్ టీచర్ ఒక మాట అన్నారు. "మీ వాడికి కాంప్రహెన్షన్‌లో మార్కులు బాగానే వస్తున్నాయండీ. కానీ ఆ ప్యాసేజ్ దేని గురించి అని అడిగితే చెప్పలేకపోతున్నాడు." పక్కన నిలబడ్డ మా వాడు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సరిగ్గా ఇదే జబ్బు నాకూ ఉండేది. ఉందని తెలిసింది తణుకులోనో హైదరాబాద్‌లోనో కాదు, చైనాలో, పదిహేడేళ్ళ అమ్మాయి ముందు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఈ నెల పేరెంట్స్ పేజీకి ఏదైనా రాయమని స్కూల్ వాళ్ళు అడిగినప్పుడు ఇదే రాయాలనిపించింది.

ఎదురింటి అమ్మాయి

మా వారు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్. 2017లో ఆయన్ని వూహాన్ పంపారు. మా వాడికి అప్పుడు ఏడేళ్ళు. నేను బి.ఎడ్. చేసి, ఐదేళ్ళు ఇంగ్లీష్ టీచర్‌గా పనిచేసి, ఉద్యోగం మానేసి వాళ్ళతో వెళ్ళాను. వూహాన్ అంటే ఇప్పుడు అందరికీ కరోనా ఒక్కటే గుర్తొస్తుంది. మాకు అది యాంగ్‌ట్సీ నది నడిమధ్య నుంచి పారే పెద్ద నగరం. గోదావరి జిల్లా వాళ్ళం కాబట్టి, ఊళ్ళో నది ఉంటే సగం దిగులు తగ్గింది.

మా బిల్డింగ్ కింద ఒకావిడ పొద్దున్నే నూడుల్స్ అమ్మేది. ఉడికించిన నూడుల్స్‌లో నువ్వుల ముద్ద కలిపి ఇస్తారు. పేరు రెగాన్‌మియెన్. మనకి ఇడ్లీ ఎలాగో వూహాన్ వాళ్ళకి అది అలాగ. ఆవిడ ఉండేది మా ఎదురు ఫ్లాట్‌లోనే. భర్త వేరే ఊళ్ళో బిల్డింగ్ పనుల్లో ఉండేవాడు, చైనా కొత్త సంవత్సరానికి మాత్రం ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఆవిడ, అత్తగారు, ఒక్కతే కూతురు.

2018 అక్టోబరులో ఒక సాయంత్రం ఆవిడ మా తలుపు కొట్టి, ఫోన్‌లో చైనీస్‌లో ఏదో మాట్లాడి, ఆ ఫోన్ నా ముందు పెట్టింది. ఫోన్ దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చి చెప్పింది. కూతురు గావ్‌సాన్ చదువుతోంది, అంటే మన ఇంటర్ సెకండియర్ లాంటి ఆఖరి ఏడాది. జూన్‌లో గావ్‌కావ్. ఇంగ్లీష్ రీడింగ్‌లో మార్కులు పోతున్నాయి. మీరు టీచర్ అని విన్నాను, కాస్త చూడండి.

వెంటనే ఒప్పుకున్నాను. డబ్బులు వద్దన్నాను. నా వీసా మీద అక్కడ ట్యూషన్ చెప్పి సంపాదించకూడదు, పైగా ఎదురింటి పిల్ల. ఆమెకు ఖాళీ దొరికేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. మిగతా రోజుల్లో పొద్దున ఏడింటికల్లా క్లాసులో కూర్చుని పాఠం పైకి చదవాలి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. మన కార్పొరేట్ కాలేజీల టైమ్‌టేబుల్ చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదటి ఆదివారం ఆమెని "రా పాపా, కూర్చో" అన్నాను. ఒక్కసారి పగలబడి నవ్వింది. చైనీస్‌లో నాన్నని పిలిచే మాట వినడానికి అచ్చం అలాగే ఉంటుందట. "ఆయీ, నేను మీకు నాన్ననా?" అంది. ఆయీ అంటే మనం పిన్నీ, ఆంటీ అన్నట్టు. అయినా నేను పాపా అనడం మానలేదు. ఇక మా వాడికి గావ్‌కావ్ అన్న మాట వినగానే కాకి గుర్తొచ్చి, వారం రోజులు ఇల్లంతా కావ్ కావ్ అంటూ తిరిగాడు. ఆమెని మాత్రం జియెజియె అని బుద్ధిగా పిలిచేవాడు. అంటే అక్క.

పదేళ్ళ చదువు, రెండు రోజుల పరీక్ష

గావ్‌కావ్ అంటే చైనాలో కాలేజీ సీటు నిర్ణయించే పరీక్ష. 2019లో ఆ పరీక్షకు పేరు నమోదు చేసుకున్నవాళ్ళు కోటీ 3 లక్షల మందికి పైనే. వూహాన్ ఉన్న హూబే ప్రావిన్స్‌లో అప్పుడు మొత్తం 750 మార్కులు. చైనీస్, మ్యాథ్స్, ఇంగ్లీష్ తలా 150. సైన్సుకో ఆర్ట్స్‌కో కలిపి 300. ఇంజనీరింగ్ చదవాలన్నా, డాక్టర్ కావాలన్నా ఇంగ్లీష్ మార్కులు మ్యాథ్స్ మార్కులతో సమానంగా లెక్కలోకొస్తాయి.

ఇంగ్లీష్ పేపర్ రెండు గంటలు. మొదట విని జవాబు గుర్తించే భాగం. తర్వాత రీడింగ్, 40 మార్కులు. ఎ, బి, సి, డి అని నాలుగు ప్యాసేజ్‌లు, వాటికి 15 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు. ఎ ప్యాసేజ్ సాధారణంగా ఏ ప్రకటనో, టూర్ వివరాలో ఉంటుంది. బి ఎక్కువగా ఒక మనిషి కథ. సి, డి కొంచెం బరువైన విషయాలు. ఇవి కాక ఇంకో ప్యాసేజ్‌లో ఐదు ఖాళీలు ఇచ్చి, కింద ఏడు వాక్యాలు ఇస్తారు. సరైన ఐదింటిని చోట్లలో పెట్టాలి, రెండు మిగిలిపోవాలి. వినే భాగం పోను చేతిలో ఉండేది సుమారు 100 నిమిషాలు. అందులోనే ఇంకా వ్యాకరణం, వ్యాసం.

ఆమె దగ్గర లావుపాటి పాత పేపర్ల పుస్తకం ఉండేది. దాని పేరు "ఐదేళ్ళ గావ్‌కావ్, మూడేళ్ళ మాక్". పిల్లలంతా ముద్దుగా ఊసాన్ అంటారు, అంటే ఐదు-మూడు. ఇంకో పుస్తకం నిండా ఇంగ్లీష్ మాటలు, సుమారు 3,500. అక్షర క్రమంలో ఉండే అలాంటి చాలా పుస్తకాల్లో మొట్టమొదట వచ్చే పెద్ద మాట "అబాండన్". వదిలేయడం అని అర్థం. "మేమంతా మొదట నేర్చుకునేది వదిలేయడమే ఆయీ" అనేది. చైనా పిల్లలందరికీ తెలిసిన జోకట అది.

మూడువేల పైచిలుకు మాటలు వచ్చిన అమ్మాయికి 40లో 22, 24 మార్కులే ఎందుకు వస్తున్నాయో నాకు మొదట అర్థం కాలేదు. పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. ఆమె ప్యాసేజ్ చదవదు. నేరుగా ప్రశ్న చూస్తుంది. ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వేలుపెట్టి వెతుకుతుంది. ఆ లైన్‌లో ఉన్న మాటే ఏ ఆప్షన్‌లో ఉంటే దానికి టిక్కు. ఏదీ దొరక్కపోతే పిల్లల మధ్య తిరిగే చిట్కా ఒకటుంది. మూడు పొడుగు ఆప్షన్లు, ఒకటి పొట్టిది ఉంటే పొట్టిదే పెట్టాలి.

నేను తప్పు పట్టలేకపోయాను. మన దగ్గర టీచర్‌గా ఐదేళ్ళు నేను పిల్లలకి చెప్పింది కూడా అదే. "ప్రశ్నలో మాట పట్టుకోండి, ప్యాసేజ్‌లో ఆ లైన్ వెతకండి, ఎత్తి రాసేయండి." పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నేను ఇంగ్లీష్ పరీక్షలు గట్టెక్కిందీ అలాగే. ఆ పద్ధతి నాకు ఎప్పుడూ మార్కులు తక్కువ చేయలేదు.

ఆ ఒక్క ప్రశ్న

డిసెంబరులో ఒక ఆదివారం. వూహాన్‌లో చలి గట్టిగా ఉంటుంది, ఉత్తర చైనాలోలాగ ఇళ్ళకి వేడి సరఫరా ఉండదు. టేబుల్ కింద చిన్న హీటర్ పెట్టుకుని, కోట్లు వేసుకుని కూర్చున్నాం. ఆ రోజు తీసింది 2018 జూన్‌లో ఇచ్చిన అసలు పేపర్. అందులో సి ప్యాసేజ్ ప్రపంచ భాషల గురించి.

విషయం ఇది. మనుషులు వేటాడుతూ చిన్న గుంపులుగా తిరిగిన కాలంలో భాషలు చాలా ఎక్కువ. వ్యవసాయం వచ్చి, రాజ్యాలు వచ్చి, తర్వాత పరిశ్రమలు, అందరికీ చదువు వచ్చేసరికి అవి తగ్గిపోతూ వచ్చాయి. ఇంగ్లీష్, స్పానిష్, చైనీస్ లాంటి పెద్ద భాషలు మిగతావాటి చోటు ఆక్రమిస్తున్నాయి. ఇప్పుడు సుమారు 6,800 భాషలున్నాయి. యూరప్‌లో 200 మాత్రమే, ఆఫ్రికాలో 2,400. ఒక్కో భాష మాట్లాడేవాళ్ళ సంఖ్యకి మీడియన్ 6,000 మాత్రమే, అంటే ప్రపంచ భాషల్లో సగం అంతకంటే తక్కువమంది మాట్లాడేవే.

ప్రశ్న: 6,000 మంది కంటే తక్కువమంది మాట్లాడే భాషలు ఎన్ని? ఆప్షన్లు 6,800, 3,400, 2,400, 1,200.

ఆమె 2,400 పెట్టింది. అది ప్యాసేజ్‌లో కనిపించిన అంకె. నేను నవ్వి, "అది ఆఫ్రికా సంగతి పాపా, సరిగ్గా చూడు. 6,800" అన్నాను. అదీ ప్యాసేజ్‌లో కనిపించిన అంకే. వెనక పేజీ తిప్పి చూస్తే జవాబు 3,400.

3,400 అన్న అంకె ప్యాసేజ్ మొత్తం మీద ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను. నా ముఖం వేడెక్కింది. ఆ పిల్ల నా వైపే చూస్తోంది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. "కీలో తప్పు పడినట్టుంది. ఒక్కోసారి ప్రింటింగ్‌లో అలా జరుగుతుంది" అన్నాను. ఆమె తలూపి, తన తప్పుల నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

రాత్రి గిన్నెలు కడుగుతుంటే తట్టింది. సగం. ఆ వాక్యంలోనే సగం అని ఉంది. 6,800లో సగం 3,400. మీడియన్ అనే కష్టమైన మాటకి అర్థం కూడా ఆ వాక్యమే విప్పి చెప్పింది. లెక్కలు రాకపోయినా, వాక్యం చివరిదాకా చదివితే చాలు. నాకు ఇంగ్లీష్ రాక తప్పు పోలేదు. నేను చదవలేదు, వెతికాను. వెతికితే దొరికేది ఉన్న అంకే. అడిగినది లేని అంకె.

ఆ వారమంతా మనసు బాగోలేదు. నా పరువు కోసం పరీక్షకి ఆర్నెల్లున్న పిల్లకి తప్పు చెప్పాను. వచ్చే ఆదివారం ఆమె కూర్చోగానే ముందు అదే చెప్పాను. "కీ తప్పు కాదు, నాది తప్పు. నాకు తెలియలేదని ఒప్పుకోలేక అలా అన్నాను." ఆమె ఏమీ అనకుండా నోటుబుక్కు తెరిచి చూపించింది. ఆ ప్రశ్న అతికించి ఉంది. కింద చైనీస్‌లో రెండు లైన్లు, పక్కన సగం అన్న ఇంగ్లీష్ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం. అదే రాత్రి తనూ కనుక్కుంది. "మీకు చెబితే మీరు బాధపడతారనుకున్నాను ఆయీ" అంది. ఆమె నాకు పరువు దక్కించాలని చూసింది.

నైనైకి చెప్పిన ప్యాసేజ్

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఇద్దరం కలిసే మార్చాం. మొదట ప్రశ్నలు కాగితంతో కప్పేయాలి. ప్యాసేజ్ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. పుస్తకం మూసి, అది ఏం చెప్పిందో రెండు మాటల్లో చెప్పాలి. ఇంగ్లీష్‌లో కాదు, ఎవరి భాషలో వాళ్ళు. ఆమె చైనీస్‌లో వాళ్ళ నానమ్మకి చెప్పాలి, నేను తెలుగులో మా వాడికి చెప్పాలి. తర్వాతే ప్రశ్నలు.

వాళ్ళ నానమ్మని ఆమె నైనై అనేది. ముసలావిడ స్వెట్టర్ అల్లుకుంటూ మా పక్కనే కూర్చునేది. మొదటిసారి చెప్పమన్నది ఆ భాషల ప్యాసేజే. మనవరాలు మొదలుపెట్టింది. మధ్యలో నైనై ఏదో అడిగింది. ఈ పిల్ల ఆగిపోయింది. తర్వాత నాకు చెప్పింది. నైనై మాట్లాడేది వూహాన్ యాస. బళ్ళో అందరూ మాట్లాడేది దేశమంతటా నేర్పే చైనీస్. "నైనై మాట నాకు మొత్తం అర్థమవుతుంది. కానీ తిరిగి అలా మాట్లాడలేను. ప్యాసేజ్‌లో పెద్ద భాష అని మా భాష పేరు చూసి సంతోషపడ్డాను. మా ఇంట్లోనే చిన్నది ఒకటి పోతోందని అనుకోలేదు."

నేను మా వాడి వైపు చూశాను. రెండేళ్ళలో వాడికి చైనీస్ వచ్చింది, ఇంగ్లీష్ బాగా వచ్చింది. తణుకు నుంచి వాళ్ళ మామ్మ ఫోన్ చేస్తే మాత్రం "ఆఁ, ఊఁ" అని ఫోన్ నాకిచ్చేసేవాడు. ఆ ప్యాసేజ్ నాకూ తగలాల్సినచోట తగిలింది. అప్పటిదాకా అది నాలుగు ప్రశ్నలు, ఎనిమిది మార్కులు.

ఆ ప్యాసేజ్‌లోనే ఇంకో ప్రశ్న ఉంది. డామినెంట్ అనే మాటకి అర్థం ఏమిటని. ఆమెకి ఆ మాట 3,500 మాటల పుస్తకంలో వచ్చే ఉంటుంది, కానీ గుర్తు లేదు. ఈసారి వెతకలేదు. "ఇంగ్లీష్, స్పానిష్, చైనీస్ అని పేర్లు చెప్పారు, మిగతావాటి చోటు తీసుకుంటున్నాయన్నారు. అయితే బలమైనవి" అంది. సరైన జవాబు అదే. చుట్టుపక్కల వాక్యాలు చదివితే తెలియని మాట తనే చెబుతుంది.

తప్పుల నోటుబుక్కు చైనాలో దాదాపు ప్రతి పిల్ల దగ్గరా ఉంటుంది. తప్పు పోయిన ప్రశ్న కత్తిరించి అతికిస్తారు, సరైన జవాబు రాస్తారు. మేం ఇంకొకటి కలిపాం. జవాబు కింద కారణం రాయాలి. కారణాలు తిప్పితిప్పి నాలుగే వచ్చాయి. మాట తెలియలేదు. వాక్యం చివరిదాకా చదవలేదు. ప్యాసేజ్ చెప్పింది కాకుండా నాకు తోచింది పెట్టాను. తొందరపడ్డాను. నెల తిరిగేసరికి చూస్తే మొదటి కారణం చాలా తక్కువ. రెండోదే పేజీల నిండా ఉంది. మాటలు రావడం లేదని రాత్రుళ్ళు మేలుకుని ఆ 3,500 బట్టీ కొడుతున్న పిల్ల అది చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మార్కులు తగ్గినప్పుడు

ఇక్కడితో ఆపేస్తే బాగుండే కథ. కానీ ఫిబ్రవరిలో నగరం మొత్తానికి కలిపి పెట్టిన మాక్ పరీక్షలో ఆమె ఇంగ్లీష్ మార్కులు తగ్గాయి. అంతకుముందు 150కి 102, ఇప్పుడు 97. ప్రతి ప్యాసేజ్‌నీ నిదానంగా చదివి, మనసులో చెప్పుకుని, జవాబు పెట్టేసరికి టైమ్ అయిపోయింది. చివరి ప్యాసేజ్‌లో ఐదు ఖాళీలూ గుడ్డిగా నింపింది.

వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున నూడుల్స్ గిన్నె ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. అంటే బాగుండేది. ఆ రాత్రి మా వారితో, "నేను మానేస్తాను. ఆ పిల్ల జీవితంతో ఆడుకోవడానికి నేనెవర్ని?" అన్నాను. నిజంగానే భయమేసింది. మన పిల్లల విషయంలో అయితే ఒక నెల అటూఇటూ ప్రయోగం చేస్తాం. ఎదురింటి పిల్ల, తండ్రి ఊళ్ళో లేడు, తల్లి తెల్లవారుజామున నాలుగింటికి లేచి నూడుల్స్ ఉడికిస్తోంది. క్లాసులో బోర్డు మీద రోజుకో అంకె తగ్గుతోంది, గావ్‌కావ్‌కి ఇంకా ఇన్ని రోజులని.

మానొద్దని చెప్పింది నైనై. 1966లో ఆవిడ స్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది. ఆ ఏడాదే సాంస్కృతిక విప్లవం మొదలై గావ్‌కావ్ ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది 1977 డిసెంబరులో. పదేళ్ళకు పైగా ఆగిన వాళ్ళంతా ఒకేసారి రాశారు, సుమారు 57 లక్షల మంది. సీట్లు వచ్చింది 3 లక్షల లోపు మందికి. అప్పటికి నైనై చంకలో రెండేళ్ళ కొడుకు, ఫ్యాక్టరీలో పని. రాయలేదు. మనవరాలి చేత నాకు చెప్పించింది: "ఇన్నేళ్ళూ ఇది బడిలో ఏం చదువుతోందో నాకు తెలియదు. ఈ రెండు నెలలుగా తెలుస్తోంది. ప్రతి ఆదివారం నాకు ఒక కొత్త సంగతి చెబుతోంది. మార్కులు తగ్గితే పెరుగుతాయి, దీన్ని మాత్రం ఆపకండి."

ఆపలేదు, సరిదిద్దుకున్నాం. ఎ ప్యాసేజ్ ప్రకటన కాబట్టి అక్కడ వెతకడమే సరైన పని. టికెట్ ధర ఎంత, బస్సు ఎన్నింటికి అన్నవాటికి మొత్తం చదవక్కర్లేదు. ముందు ప్రశ్న చూసి వెతుక్కోవచ్చు. బి, సి, డి మాత్రం చదవాలి. ఒక్కోదానికి ఏడు నిమిషాలు. వంటింటి టైమర్ తెచ్చి టేబుల్ మీద పెట్టాను. రెండు మాటల్లో చెప్పడం ఇంట్లో నైనై ముందు, పరీక్షలో మనసులో ఒక్క వాక్యం చాలు. ఏప్రిల్ మాక్‌లో 111 వచ్చాయి. వాళ్ళమ్మ ఆవిరి మీద ఉడికిన బన్నులు తెచ్చింది. నేను ఆవకాయ ఇచ్చాను. హూబే వాళ్ళు కారం బాగా తింటారు. బన్నులో ఆవకాయ పెట్టుకుని నైనై రెండు తిన్నది.

2019లో జూన్ 7న పరీక్ష మొదలైంది. ఆ రోజే అక్కడ డ్రాగన్ బోట్ పండగ. ఆకుల్లో చుట్టి ఉడికించిన జోంగ్జి తిని వెళ్ళింది. జూన్ 8 మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా ఇంగ్లీష్. సెంటర్ ముందు రోడ్డు మీద హారన్ వినపడలేదు. గేటు బయట తల్లులు కొందరు ఎర్రటి చీపావ్‌లు వేసుకుని నిలబడ్డారు, అదృష్టం కలిసొస్తుందని. ఎదురింటావిడ మాత్రం ఏప్రన్ కూడా విప్పకుండా వచ్చింది. ఐదింటికి గేటు తెరిచారు. ఎలా రాశావని మేం అడగలేదు. ఆమే వచ్చి, "డి ప్యాసేజ్ బాగుంది ఆయీ. బళ్ళో అందరూ ఇష్టపడేవాళ్ళు వేరు, అందరూ గొప్పగా చూసేవాళ్ళు వేరు అని. రాత్రికి నైనైకి చెప్పాలి" అంది. నాకు అది చాలనిపించింది.

ఇంగ్లీష్‌లో 118 వచ్చాయి. పేపర్లో ఫోటో పడే మార్కులు కావు. హూబేలోనే ఒక మామూలు కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

మా వాడి డైనింగ్ టేబుల్ మీద

ఆగస్టులో మేం వచ్చేశాం. 2020 జనవరి 23న వూహాన్ మూసేశారు. ఆ నెలలన్నీ రోజూ మెసేజ్ పెట్టి, "నైనై బాగుందా?" అని అడిగేదాన్ని. జూన్ చివర్లో మన దేశంలో వీచాట్ ఆపేశారు. తర్వాత నుంచి ఆమె ఇంగ్లీష్‌లో మెయిల్ రాస్తోంది. ఏడాదికి రెండు మూడు. తప్పులుంటాయి, విషయమూ ఉంటుంది. నైనైకి వూహాన్ యాసలోనే జవాబు చెప్పడం నేర్చుకుంటున్నానని ఒకసారి రాసింది.

పేరెంట్-టీచర్ మీటింగ్ అయిన ఆదివారం, ఆ పాత పేపర్ ప్రింట్ తీసి మా వాడికి ఇచ్చాను. వాడిప్పుడు పదో తరగతి. మ్యాథ్స్‌లో మధ్యగతం చాప్టర్ అయిపోయింది, అందులో మార్కులకి లోటు లేదు. మీడియన్ అన్న మాట చూడగానే, "అమ్మా, టేబుల్ ఇవ్వలేదు, ఫ్రీక్వెన్సీలు లేకుండా ఎలా?" అన్నాడు. తర్వాత 6,800 పెట్టాడు. అచ్చంగా నా జవాబే!

కోపం రాలేదు. "ఫార్ములా వద్దు నాన్నా. ఆ వాక్యం చివరిదాకా పైకి చదువు. దాన్ని మామ్మకి తెలుగులో చెప్పు" అన్నాను. మా అత్తయ్య గారు ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. వాడు కాస్త విసుక్కుంటూ మొదలుపెట్టాడు. "మామ్మా, ప్రపంచంలో ఉన్న భాషల్లో సగం ఉన్నాయి చూడు, వాటిని మాట్లాడేవాళ్ళు ఆరువేల మంది కూడా..." అని ఆగాడు. కాగితం వైపు చూశాడు. 6,800 కొట్టేసి 3,400 పెట్టాడు. అప్పుడు మొదటిసారి వాడికి చెప్పాను, అదే ప్రశ్నకి నేనూ అదే తప్పు చేశానని, ఒక అక్కకి అబద్ధం చెప్పానని. వాడు నమ్మలేదు. "నువ్వు ఇంగ్లీష్ టీచర్‌వి కదమ్మా?" అన్నాడు. అందుకే ఒప్పుకోవడం కష్టమైందని చెప్పాను.

తోటి తల్లిదండ్రులకి నేను చెప్పదగినంత దాన్ని కాదు. మా ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తున్నామో మాత్రం చెబుతాను. ఆదివారం ఒక్క ప్యాసేజ్, ఒక్కటే. ప్రశ్నలు కప్పి చదవడం. అది ఏం చెప్పిందో ఇంట్లో ఎవరో ఒకరికి తెలుగులో చెప్పడం. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఈ పనికి మీరు పనికొస్తారు, నైనైకి ఇంగ్లీష్ అక్షరం రాదు. తప్పు పోతే జవాబుతో పాటు కారణం రాయడం. ఎన్ని మార్కులు అన్న ప్రశ్న ఆ పూటకి పక్కన పెట్టడం. మొదట్లో మార్కులు తగ్గొచ్చు, గాభరా పడకండి. టైమర్ తర్వాత పెట్టుకోవచ్చు.

పోయిన వారం ప్యాసేజ్ తేనెటీగల గురించి. మామ్మ విని, తణుకులో మా పాత పెంకుటింటి చూరుకి తేనెపట్టు ఎలా ఉండేదో అరగంట చెప్పారు. వాడు విన్నాడు. ఆ రోజు నాలుగు ప్రశ్నల్లో ఒకటి తప్పు పోయింది. కారణం వాడే రాసుకున్నాడు.